ఏడు స్కూళ్ల సుగుణ ఆంటీ

ఎండాకాలం పోయాక మొదటిసారి హీటింగ్ వేసిన రోజు మా స్కూలంతా ఒక వాసన కమ్ముకుంటుంది. నెలల తరబడి గోడలకుండే రేడియేటర్ల సందుల్లో పేరుకున్న దుమ్ము వేడికి కాలుతున్న వాసన. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వుతారు. మొన్న సోమవారం పొద్దున ఆ వాసన తగలగానే నేను కారిడార్‌లోనే ఆగిపోయాను. చేతిలో రిజిస్టర్లున్నాయి, ఆఫీసులో ఎవరో తండ్రి నా కోసం ఎదురుచూస్తున్నాడు, అయినా అక్కడే నిలబడ్డాను. సుగుణ ఆంటీ మొదటిసారి మా స్కూల్లో అడుగుపెట్టిన మధ్యాహ్నం కూడా ఇదే వాసన. మూడు రోజులు మూలపడ్డ, స్కూలును వేడిచేసే బాయిలర్ ఆవేళే బాగయింది. అప్పటిదాకా పిల్లలు కోట్లు తొడుక్కునే లెక్కలు చేశారు.

ఆమె గురించి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. సుగుణ ఆంటీది బాపట్ల దగ్గరి ఊరు. వాళ్లమ్మ ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేరితే, పదేళ్ల వయసులో ఆమె వెంట ఈ దేశం వచ్చారు. టీచరై, వెంబ్లీలో ఒక ప్రైమరీ స్కూలుకు చాలా ఏళ్లు హెడ్ టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఇక్కడి మున్సిపాలిటీ లాంటి కౌన్సిల్ ఆమెకు వారానికి రెండు రోజుల పని ఇచ్చింది. ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న మా హేస్ చుట్టుపక్కల ఏడు ప్రైమరీ స్కూళ్ల హెడ్ టీచర్లకు అండగా ఉండటం ఆ పని. అండగా ఉండటమంటే ఏమిటో ఆ ఉద్యోగ ప్రకటనలో స్పష్టంగా రాసి ఉండదనుకుంటాను. చేసి చూపించింది ఆమె.

నేను వరంగల్ నుంచి పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చినదాన్ని. ఇదే స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్‌గా, అంటే క్లాసులో టీచరు పక్కన కూర్చుని వెనకబడిన పిల్లలకు సాయం చేసే పనిలో చేరాను. తర్వాత చదువుకుని టీచరునయ్యాను, డిప్యూటీ హెడ్‌నయ్యాను. మా హెడ్ జబ్బుచేసి సెలవు మీద వెళ్లిపోతే గవర్నర్లు నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. గవర్నర్లంటే స్కూలు మంచిచెడ్డలు చూసే స్థానికులు, జీతం లేకుండా పనిచేసేవాళ్లు. కూర్చున్న మూడో వారంలోనే వాళ్లు నాకు చెప్పిన విషయం ఇది: వచ్చే ఏడాదికి నిధులు చాలవు, ఎనిమిది మంది టీచింగ్ అసిస్టెంట్లలో ముగ్గురిని తీసెయ్యాలి.

బాయిలర్ బాగయిన ఆ రోజు ఆంటీ నా గదిలోకి వచ్చి కోటు విప్పకుండానే కూర్చున్నారు. తెలుగామె అని పేరు చూసి తెలుసు కానీ, తెలుగులోనే మాట్లాడతారనుకోలేదు. నేను అప్పటిదాకా ఆపుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"నాతోని గాదు ఆంటీ. ఇంక జెయ్యలేను. రేపే రిజైన్ జేస్త."

"చెయ్యి తల్లీ, వద్దన్లేదు. రాజీనామా ఎక్కడికీ పోదు. ముందు నాకు బాత్రూములు చూపించు."

నేను తప్పు విన్నాననుకున్నాను. ఆమె నిజంగానే పిల్లల బాత్రూములకు నడిచారు. కొళాయిలు తిప్పి చూశారు, సబ్బు ఉందో లేదో చూశారు, తలుపు గడియలు వేసి తీశారు. "పిల్లలు భయం లేకుండా ఇక్కడికి రాగలుగుతున్నారు. శుభ్రంగా ఉంది. అంటే ఈ స్కూల్లో ఎవరో ఒకళ్లు పట్టించుకుంటున్నారన్నమాట. ఎవరు?" అని అడిగారు. డెబ్రా అని చెప్పాను. డెబ్రా పద్దెనిమిదేళ్లుగా మా దగ్గర టీచింగ్ అసిస్టెంట్. నేను కొత్తగా చేరినప్పుడు నాకు పని నేర్పింది ఆమే. ఏడ్చే పిల్లను ఎత్తుకోకుండా ఎలా ఊరడించాలో, ఇక్కడి పిల్లలు 'నాకు బాగా లేదు' అన్నప్పుడు అందులో ఆకలి ఎంతో, భయం ఎంతో ఎలా కనిపెట్టాలో చెప్పింది. తీసెయ్యాల్సిన ముగ్గురిలో ఆమె పేరుంది. ఆంటీతో ఆ మాట కూడా అక్కడే, చేతులు కడుక్కునే సింకుల పక్కన నిలబడి చెప్పాను.

డెబ్రాకు ఉత్తరం పంపుదామని నా ఆలోచన. కౌన్సిల్ వాళ్లు తయారుచేసిన ఉత్తరం ఒకటుంది, పేరు మార్చి సంతకం పెడితే సరిపోతుంది. మరుసటి వారం వచ్చినప్పుడు ఆంటీ ఆ కాగితం చదివి బల్ల మీద పెట్టేశారు.

"నేనూ ఇట్లాంటిదే పంపాను అరుణా. వెంబ్లీలో, మా స్కూలు వంటింట్లో పనిచేసే ఒకావిడకి. కనీసం ఆమె చేతికైనా ఇవ్వలేదు, పోస్టులో వేశాను. ఆమెకి ఎదురుపడలేక ఆ వారమంతా వెనక గేటు నుంచి వచ్చాను స్కూలుకి. తర్వాత ఒకసారి బస్సులో కనబడింది. నన్ను చూసి తల తిప్పుకోలేదు. హలో చెప్పింది. అది ఇప్పటికీ మింగుడు పడదు."

"అయితే నేనేం చెప్పాలె?"

"పేరుపెట్టి పిలువు. విషయం మొదటి మాటలోనే చెప్పెయ్. కారణాలు ఆమె అడిగితే చెప్పు. ఆ తర్వాత నోరు మూసుకుని కూర్చో. ఆమె ఏమన్నా పడు."

"మీరు గూడ పక్కన కూర్చుంటరా?"

"కూర్చోను. నేనుంటే ఆ మాట నాదైపోద్ది. అది నీది."

డెబ్రాకు నేను చెప్పిన తీరు ఏమంత గొప్పగా లేదు. ఆమె చాలాసేపు కిటికీలోంచి ఆటస్థలం వైపు చూసింది. "ఈ పని నీకు నేర్పింది నేను," అని ఒక్క మాటే అంది. అందులో కోపం ఎంతో, బాధ ఎంతో నాకు అర్థం కాలేదు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఆమె లేచి, కుర్చీ బల్ల కిందికి సర్ది, బెల్ కొట్టగానే తన క్లాసుకు వెళ్లింది. ఆంటీ ఇచ్చిన సలహా పాటిస్తే మనసు తేలికపడుతుందని ఆశపడ్డాను. పడలేదు. ఆ సంగతి చెబితే ఆమె, "తేలికపడ్డానికి కాదమ్మా చెప్పమంది," అన్నారు.

డెబ్రా ఉద్యోగం వేసవి సెలవుల దాకా ఉంది. ఆలోగానే లాక్‌డౌన్ వచ్చిపడింది.

ఆ నెలలు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆకాశం. హేస్‌లో మా మాటలు సగం విమానాల మోతలో కలిసిపోతాయి, వాక్యం మధ్యలో ఆగి, విమానం దాటాక మళ్లీ అందుకోవడం మా టీచర్లందరికీ అలవాటు. ఉన్నట్టుండి ఆ మోత ఆగిపోయింది. మా పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది ఎయిర్‌పోర్టులో సామాన్లు మోసేవాళ్లు, విమానాలు కడిగేవాళ్లు, భోజనాల ట్రేలు సర్దేవాళ్లు. నిశ్శబ్దం పెరిగేకొద్దీ వాళ్ల ఇళ్లలో ఏం జరుగుతోందో మాకు తెలుస్తూనే ఉంది. నర్సుల పిల్లలకు, వృద్ధుల కేర్ హోముల్లో పనిచేసేవాళ్ల పిల్లలకు స్కూలు తెరిచే ఉంచాం. మిగతా ఇళ్లకు తిండి సామాన్ల సంచులు కట్టి, ఫ్లాట్ల గుమ్మాల ముందు పెట్టి, బెల్ కొట్టి వెనక్కి జరిగి నిలబడేవాళ్లం. ప్రభుత్వ నిబంధనలు ఒకరోజు ఒకలా, మర్నాడు ఇంకోలా వచ్చేవి. నేను టీచర్ల డ్యూటీల రోటా వేసేదాన్ని, చింపేసేదాన్ని, మళ్లీ వేసేదాన్ని.

ఆంటీ వయసు, ఆస్తమా వల్ల ఇల్లు కదలకూడదు. రోజూ సాయంత్రం నాలుగింటి నుంచి ఏడుగురు హెడ్‌లకూ వరసగా ఫోన్ చేసేవారు. నాది మూడో నంబరు. స్కూలు ఎలా ఉంది, నువ్వెలా ఉన్నావు అని అడిగేవారు కాదు.

"ఇవాళ ఏ పని చెయ్యకుండా వదిలేశావు?"

మొదట్లో ఆ ప్రశ్నకు చిరాకు వేసేది. "అన్నీ జేసిన ఆంటీ," అనేదాన్ని గర్వంగా.

"అబద్ధం. అన్నీ ఎవరూ చెయ్యలేరు. ఏదో ఒకటి వదిలేసే ఉంటావు, నీకు తెలీకుండా. తెలిసి వదిలెయ్. అప్పుడు వదలాల్సిందే వదులుతావు."

అలా రోజుకొకటి వదలడం నేర్చుకున్నాను. కౌన్సిల్ అడిగిన ఫారం ఒకటి, గవర్నర్లకు రాయాల్సిన రిపోర్టు ఒకటి. కొన్ని వదలకూడనివి కూడా వదిలాను. మా అమ్మతో మాట్లాడటం వారాలకు వారాలు వదిలేశాను. మా అబ్బాయి పుట్టినరోజు కేకు మర్చిపోతే వాడే నన్ను ఊరడించాడు, "ఇట్స్ ఓకే మమ్," అని. ఆ మాట ఆంటీకి చెప్పలేదు.

ఒక గురువారం పొద్దున రెండో తరగతి పాప లైలా వాళ్ల నాన్న చనిపోయాడని ఫోనొచ్చింది. ఎయిర్‌పోర్టులో బస్సు నడిపేవాడు. తల్లి కేర్ హోములో పనిచేస్తుంది. ఆమె ఆసుపత్రి పనులన్నీ చూసుకోవాలి, పాపను ఉంచుకోవడానికి ఇంకెవరూ లేరు. "తీసుకురానా?" అని అడిగింది. తీసుకురమ్మన్నాను. నాలుగింటి దాకా ఆగలేక ఆంటీకి ఫోన్ చేశాను.

"ఇంకో పది నిమిషాల్ల పాప వస్తది. ఆమెతోని ఏమని మాట్లాడాలె? చెప్పండి ఆంటీ."

అవతల ఆమె ఊపిరి వినబడుతోంది, ఆ ఆస్తమా ఊపిరి.

"నాకు తెలీదమ్మా," అన్నారు చివరికి. "నిజంగా తెలీదు. ఫోన్ పెట్టను. పాప వచ్చేదాకా ఇట్లాగే ఉంటాను."

నలభై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి నోటి నుంచి ఆ మాట వినడం నాకు వింతగా ఉంది. మేమిద్దరం ఫోన్లు చెవుల దగ్గర పెట్టుకుని కూర్చున్నాం. లైలా గేటు దాటి వచ్చినప్పుడు ఎదురెళ్లింది నేను కాదు, డెబ్రా. రెండు మీటర్ల దూరం ఉండాలన్న నియమం ఆవేళ ఎవరికీ గుర్తురాలేదు. డెబ్రా ఆ పాపను ఓదార్చే మాటలేవీ చెప్పలేదు. రంగు పెన్సిళ్ల డబ్బా ఒకటి నేల మీద గుమ్మరించి, చెక్కాల్సినవి ఒక పక్కకు, చెక్కక్కర్లేనివి ఒక పక్కకు వేరుచెయ్యమంది. ఇద్దరూ మధ్యాహ్నం దాకా అదే చేశారు. నేను ఉద్యోగంలోంచి తీసేసిన మనిషి ఆమె. గాజు తలుపు ఇవతల నిలబడి చూశాను.

జూలైలో డెబ్రాను సాగనంపాం. హాల్లో గుమిగూడే వీల్లేక ఆటస్థలంలో దూరదూరంగా నిలబడ్డాం. చప్పట్లు కూడా పలచగానే వినిపించాయి. ఆమె నాకు దూరం నుంచే చెయ్యి ఊపింది.

ఆ తర్వాతి సంవత్సరం స్కూళ్లు తెరుచుకున్నాయి కానీ మనుషులు కోలుకోలేదు. టీచర్లు వరసగా జబ్బుపడేవారు, నేనే క్లాసులు తీసుకునేదాన్ని. అలాంటి ఒక వారంలో ఆంటీ నాకు మూడుసార్లు ఫోన్ చేశారు. మూడుసార్లూ తియ్యలేదు. 'బిజీగా ఉన్నాను, వీకెండ్ చేస్తాను' అని మెసేజ్ పెట్టాను. ఆ వీకెండ్ చెయ్యలేదు, తర్వాతి వీకెండూ చెయ్యలేదు. నెలన్నర గడిచాక హెడ్‌ల ఆన్‌లైన్ మీటింగులో ఎవరో అన్నారు, సుగుణ పోస్టు తీసేశారు కదా అని. కౌన్సిల్ ఖర్చులు తగ్గించుకుంటోంది. ఆమెకు ఈమెయిల్‌లో తెలియజేశారట. స్క్రీన్ మీద ఏడు మొహాలున్నాయి. వెళ్లి ఆమెను కలిశారా అని ఒకామె అడిగింది. ఎవరమూ వెళ్లలేదు.

ఆమె బెల్‌ఫాస్ట్ వెళ్లిపోయారు, అక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న కూతురి దగ్గరికి. ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కానీ ఆ విషయం ఇద్దరం ఎత్తలేదు. పోయిన ఫిబ్రవరి సెలవుల్లో టికెట్ కొనుక్కుని వెళ్లాను. చిక్కిపోయారు. మెట్లు ఎక్కడానికి మధ్యలో రెండుసార్లు ఆగుతున్నారు. నాకోసం గోంగూర దొరక్క, పాలకూరలో పుల్లటి యాపిల్ వేసి పప్పు చేశారు. తిన్నాక వాన వెలిసింది, ఇంటి వెనక చిన్న తోటలో తడి బెంచీ మీద ప్లాస్టిక్ సంచులు పరుచుకుని కూర్చున్నాం.

"ఆ వారం మీ ఫోన్ తియ్యలేదు ఆంటీ. తియ్యాల్సుండె. మాఫ్ చెయ్యండి."

ఫర్వాలేదంటారనుకున్నాను. అనలేదు.

"కోపమొచ్చింది అరుణా. చాలా వచ్చింది. ఏడుగురికీ చేశాను, ఒక్కళ్లూ తియ్యలేదు. ఉద్యోగం పోయినందుకు కాదు, నాకేం, పింఛనుంది. ఇన్నాళ్లూ రోజూ మాట్లాడానే, నేనెందుకు చేస్తున్నానో ఒక్కళ్లకైనా అనుమానం రాలేదే అని."

"రావాల్సుండె."

"ఆఁ. రావాల్సింది." నా చేతి మీద చెయ్యి వేశారు. "ఇప్పుడొచ్చావుగా. చలేస్తోంది, లోపలికి పోదాం పద."

అదే ఆఖరుసారి. ఏప్రిల్‌లో ఆమె పోయారు. పెద్ద జబ్బేమీ కాదు, అలసిపోయిన ఊపిరితిత్తులు. కూతురు ఫోన్ చేసినప్పుడు నేను పిల్లలందరి పొద్దుటి అసెంబ్లీలో ఉన్నాను. ఈసారి తీశాను.

నేనింకా హెడ్‌గానే ఉన్నాను. వచ్చే ఏడాదికి మళ్లీ ఎవరినో తీసెయ్యాలంటున్నారు. అలసట పోలేదు, పోతుందని ఎదురుచూడటం మానేశాను. పక్క వీధి స్కూలుకు ఈ ఏడాదే కొత్త హెడ్ వచ్చింది, హెలెన్. ముప్పై అయిదేళ్లుంటాయేమో. గత రెండు ఆన్‌లైన్ మీటింగుల్లో ఆమె కెమెరా ఆపేసి కూర్చుంది. ఏదైనా అడిగితే అంతా బాగుందని రెండు ముక్కల్లో రాసింది. నిన్న మధ్యాహ్నం నా పని అలాగే వదిలేసి, ముందుగా చెప్పకుండా నడిచి వెళ్లాను. ఆఫీసులో ఆమె బూట్లు విప్పేసి, కాళ్లు కుర్చీ మీదికి లాక్కుని ముడుచుకు కూర్చుని ఉంది. నన్ను చూసి కంగారుగా లేవబోయింది.

"ఏమైనా మర్చిపోయానా? మీరు వస్తారని నా డైరీలో లేదే!"

లేదన్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆమె కంప్యూటర్ వైపు, తలుపు వైపు చూసింది. తర్వాత, ఏం బాగా లేదో చెప్పడం మొదలుపెట్టింది.