దిద్దని మాట

నా భర్త ఇంగ్లీషులో ఏ కాగితం రాసినా, పంపే ముందు నేను చదివేదాన్ని. పెళ్లయిన తొలి నెలలో మొదలైన అలవాటు అది. ఆయన నల్గొండ పల్లెలో తెలుగు బడిలో చదివి, పెద్దయ్యాక పాళీ, ప్రాకృతం నేర్చుకున్న మనిషి. ఇంగ్లీషు ఆయనకు ఆలస్యంగా వచ్చింది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పెరిగిన కోస్తా ఉద్యోగి కూతుర్ని, ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసేదాన్ని. ఎర్ర పెన్సిల్ పట్టుకుని నేను కూర్చుంటే ఆయన టీ తెచ్చి ముందు పెట్టి, "మీ ఆంధ్రోళ్లకు ఎవల తప్పన్న దిద్దందే తిన్నదరగదు" అనేవారు. నేను నవ్వి, దిద్దేదాన్ని.

ఉద్యమం మొదలయ్యాక కూడా కొంతకాలం ఆ మాట అన్నారు. తర్వాత మానేశారు. ఎప్పుడు మానేశారో నేను గమనించలేదు.

అప్పట్లో ఆయన యూనివర్సిటీలో గంటల లెక్కన పాఠాలు చెప్పేవారు. బౌద్ధ అధ్యయనాలకు అక్కడ శాశ్వతమైన పోస్టు లేదు. బౌద్ధం బోధించే కొత్త అధ్యాపకుడికి నాలుగేళ్ల జీతం తామే ఇస్తామని ఒక విదేశీ సంస్థ ప్రకటించింది. ఆ తర్వాత ఆ పోస్టును యూనివర్సిటీ శాశ్వతంగా నిలుపుకోవాలి. నిలుపుకుంటామని వైస్ ఛాన్సలర్ సంతకంతో హామీ ఇవ్వాలి. పీహెచ్‌డీ వచ్చి ఐదేళ్లు దాటనివాళ్లకే ఆ గ్రాంటు. ఆయనకు అది ఐదో ఏడు. మళ్లీ అడిగే వీలు లేదు.

మేము ఎల్బీనగర్ దాటాక, మీర్‌పేట్ వెళ్లే దారిలో కిరాయికి ఉండేవాళ్లం. ఆ ఏడాది మా వీధిలో బళ్ల నంబరు ప్లేట్ల మీద ఏపీ పోయి టీజీ వచ్చింది. మా స్కూటర్‌కు కూడా ఆయనే ఒక ఆదివారం చిన్న బ్రష్‌తో రాశారు. వీధి మొదట్లోని మెస్ వాళ్లు బోర్డు మీద 'ఆంధ్ర' అన్న మాటకు తెల్ల పెయింట్ వేశారు. 'మెస్' ఒక్కటే మిగిలింది. లైబ్రరీకి వెళ్తుంటే దుకాణాల షట్టర్లు సగం దింపి ఉండేవి, ఏ క్షణానైనా పూర్తిగా దించడానికి వీలుగా.

దరఖాస్తు పూర్తయిన వారంలోనే మా నాన్న భోజనానికి వచ్చారు. ఈ గొడవలు ఇంకెన్నాళ్లుంటాయో, పిల్లల చదువులు ఏం కావాలో అని ఏదో అన్నారు. గొడవ అన్న మాట దగ్గర నా భర్త తినడం ఆపారు. చెయ్యి కడుక్కుని, మజ్జిగ వడ్డించమని నాకు చెప్పి, బయటికి వెళ్లారు. నాన్న నావైపు చూశారు. నేను మజ్జిగ పోశాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో కొన్ని మాటల చుట్టూ తిరిగి నడవడం మొదలుపెట్టాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన దరఖాస్తు నా ముందు పెట్టారు. పద్నాలుగు పేజీలు. నల్గొండ వైపు దొరికిన దాన శాసనాల మీద ఆయన ఏం పాఠం చెప్పదలచుకున్నారో అందులో వివరంగా ఉంది. విహారానికి స్తంభమో దీపమో ఇచ్చిన మామూలు మనుషులు తమ పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాతి మీద చెక్కించుకున్న సంగతి. బాగా రాశారు. నేను కామాలు సరిచేశాను, రెండు వాక్యాలు విరిచాను. మొదటి పేజీని మాత్రం చివర్లో చూశాను. యూనివర్సిటీ చిరునామాలో, రాష్ట్రం అన్నచోట, తెలంగాణ అని ఉంది.

పెన్సిల్ అక్కడ ఆగింది. కావాలనే రాశారనుకున్నాను. దిద్దితే, దిద్దింది నేనవుతాను. కాగితాలు సర్ది ఇచ్చేశాను. "అయిపోయిందా?" అని అడిగారు. అయిపోయిందన్నాను.

వైస్ ఛాన్సలర్ చివరి పేజీ మీద సంతకం పెట్టారు. మొదటి పేజీ ఎవరూ చదవలేదు.

జవాబు ఈమెయిల్‌లో వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్‌లో ప్రింటు తీసుకుని ఇంటికి తెచ్చారు. మర్యాదగా, క్లుప్తంగా ఉంది. విదేశీ నిధులు తీసుకోవడానికి యూనివర్సిటీకి ఉన్న అనుమతి పత్రంలో రాష్ట్రం పేరు ఒకటి, దరఖాస్తులో మరొకటి ఉన్నాయి. దరఖాస్తులోని పేరుతో తమకు ఏ రాష్ట్రమూ కనిపించలేదు. అది పొరపాటని వైస్ ఛాన్సలర్ రాతపూర్వకంగా ధ్రువీకరిస్తే పరిశీలన కొనసాగిస్తారు. రెండు వారాల గడువు.

ఆయన ఆ కాగితంలో రాష్ట్రం పేరు మీద వేలు పెట్టారు.

"నేను సూస్కోలేదు" అన్నారు. "ఏడాది సంది అన్నిట్ల గట్లనే రాస్తున్న. చెయ్యి రాసింది." తర్వాత తలెత్తారు. "నువ్వు సూసినవ్ గదా?"

చూశానన్నాను.

"మరి?"

"మీరు కావాలనే రాశారనుకున్నాను."

"అడిగితె అయిపోవు." మళ్లీ ఆయనే అన్నారు, "నేనంటె నీకు భయమైంది."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

మర్నాటి నుంచి సమ్మె. బస్సులు లేవు. ఆయన స్కూటర్ మీద మలక్‌పేట మీదుగా వెళ్లేవారు. యూనివర్సిటీ గేటు దగ్గర ముళ్లతీగ చుట్టలు, వాటి వెనక పోలీసులు. లోపలికి వెళ్లగలిగిన నాలుగో రోజు, ఆఫీసులో ఒక్క సూపరింటెండెంట్ మాత్రం ఉన్నాడు. నా భర్త వాళ్ల పక్క ఊరివాడే. వైస్ ఛాన్సలర్ సంతకం కోసం ఈయన రాసుకెళ్లిన లేఖ నమూనా రెండుసార్లు చదివాడట. చదివి, తలుపు దగ్గరికి వేసి, తగ్గు గొంతుతో చెప్పాడట.

"సార్, తెలంగాణ అని రాసుడు తప్పైందని గీ కాయితంల ఉన్నది. దీని మీద సంతకం వెట్టినోడు గేటు దాటుతడా? మీరైతె వెడ్తరా?"

సాయంత్రం ఈ మాటలు నాకు యథాతథంగా చెప్పారు. మీరేమన్నారని అడిగాను.

"వెట్టనన్న."

నేను ఇంకో దారి చెప్పాను. పొరపాటన్న మాట లేకుండా, రికార్డుల ప్రకారం పేరు ఇది అని మాత్రం రాయమన్నాను. ఆ ఆలోచన ఆయనకూ నచ్చింది. ఇద్దరం కూర్చుని రాశాం. ఆయన చెప్పారు, నేను దిద్దాను. అప్పటికి వైస్ ఛాన్సలర్ క్యాంపస్‌కు రావడం మానేశారు, లేఖ సంతకం లేకుండానే మిగిలింది. గడువు ముగిసిన రోజు మా వీధిలో ఊరేగింపు వెళ్లింది. నా భర్త కిందికి దిగి అందులో కొంతదూరం నడిచి వచ్చారు. దాన్ని గురించి నేనేమీ అడగలేదు.

తర్వాత ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీపరీక్షల కోచింగ్ సెంటర్‌లో చరిత్ర చెప్పారు. శాసనాలన్నీ నాలుగు ఆప్షన్ల ప్రశ్నలయ్యాయి. నన్ను ఒక్క మాట అనలేదు. కాగితాలు నా ముందు పెట్టడం మాత్రం మానేశారు. ప్రశ్నపత్రాలు తానే రెండుసార్లు చదువుకుని పంపేవారు. వాటిలో తప్పులుండేవి. సెంటర్ నుంచి ఫోన్ వస్తే పక్క గదిలోకి వెళ్లి మాట్లాడేవారు.

రాష్ట్రం వచ్చిన రోజు మిఠాయి తెచ్చారు. మా నాన్నకు కూడా పంపమన్నారు. నిజంగా సంతోషంగా ఉన్నారు. మూడో ఏట ఒక ఉదయం సెంటర్‌కు బయల్దేరుతూ మెట్ల మీద కూర్చుండిపోయారు. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయిందన్నారు.

మరణ ధ్రువపత్రం కోసం మున్సిపల్ ఆఫీసుకు నేనే వెళ్లాను. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి కాగితం నా చేతికిచ్చి, "ఒక్కసారి చూసుకోండి అమ్మా, తర్వాత మార్చడం కష్టం" అంది.

పక్కకు జరిగి, బల్ల మీద కూర్చుని చూశాను. పేరు. తండ్రి పేరు. ఊరు. చిరునామాలో చివరి మాట తెలంగాణ, అక్కడ ఆగాను. సంచిలో పెన్సిల్ ఉంది. కాగితంలో తప్పులేమీ లేవని ఆ అమ్మాయికి చెప్పి, సంతకం పెట్టి తీసుకున్నాను.