గోడ మీది ఎర్ర నంబరు

నగరం కొత్త ప్రణాళికకు మ్యాపులు గీసే పని నాది. నారాయణగూడలో ఆఫీసు, అశోక్‌నగర్‌లో ఇల్లు. పాత ప్రమాణాల్లో ముప్పై అడుగులున్న రోడ్లు కొత్త వాటి ప్రకారం నలభై కావాలి. అన్ని రోడ్లను పదేసి అడుగులు జరిపినవాణ్ణి, ఉద్యోగంలో మాత్రం ఒక్క అడుగూ ముందుకు పడలేదు.

అలా జరిపిన వాటిలో మా గల్లీ కూడా ఉంది. కొన్నాళ్ళకు కొలతలవాళ్ళు వచ్చి మా అపార్ట్‌మెంట్ ప్రహరీ మీద ఎర్ర రంగుతో ఒక నంబరు, పక్కన రోడ్డు ఎటు పెరగాలో చూపే బాణం వేసి వెళ్ళారు. ఆ గోడను ఆనుకునే ఇస్త్రీ బండి ఉంటుంది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒకామె ఏళ్ళుగా మా గల్లీ ముడతలన్నీ అక్కడే సరిచేస్తోంది.

మర్నాడు చొక్కాలు ఇవ్వడానికి వెళ్తే నంబరుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి ఉంది.

"చూసిన్రా సార్, నాకు నంబరు పడ్డది."

"అది నీకు గాదక్కా, గోడకు. రోడ్డు పెద్దగ చేస్తరు. బండి తియ్యమంటరు."

"ఏం పరేషాన్ గాకుండ్రి. ఊర్ల మా అమ్మ గుడిసెకు గూడ గిట్లనే ఎర్ర నంబరేసిన్రు. తర్వాత సర్కారు స్లాబు ఇల్లు ఇచ్చింది. నంబరు లేనోళ్ళకే ఏం రాలే."

కళ్ళారా చూసిన స్లాబు ముందు నా కాగితం మాట ఏం నిలుస్తుంది?

ప్రణాళిక మీద అభ్యంతరాలుంటే రాసివ్వమన్నారు. నేను గీసినదాని మీద నేనే, ఇస్త్రీ బండికి చోటు పోతుందని రాసిచ్చాను. కౌంటర్లో ఉన్నాయన మ్యాపు పరిచి, "ఈ మ్యాపుల మీ బండి ఏడున్నది సార్?" అన్నాడు. చెట్టుకు పచ్చటి సున్నా ఉంది, ట్రాన్స్‌ఫార్మర్‌కు చతురస్రం ఉంది, మ్యాన్‌హోల్‌కు చుక్క ఉంది. ఇస్త్రీ బండికి గుర్తు లేదు. ఆ గుర్తుల పట్టిక తయారుచేసిందీ నేనే. వారానికి రెండుసార్లు వెళ్ళే చోటు, గీసేటప్పుడు గుర్తే రాలేదు.

"లేనిదానికి అభ్యంతరం ఏంది సార్?" అని కాగితం తిరిగి ఇచ్చేశాడు.

రాంనగర్‌లో తెలిసినవాళ్ళ ఇంటి ముందు బండి పెట్టుకోవడానికి కాస్త చోటు అడిగి ఒప్పించాను. ఆమె నవ్వింది. "నంబరు ఇడిచిపెట్టి ఎవరన్న పోతరా సార్?" నెల చూసి, వాళ్ళు ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేశారు.

వానలకు గోడమీది ఎరుపు కారిపోయింది. మొన్న వెళ్ళేసరికి బండి మీద, నా చొక్కాల పక్కన, చిన్న రంగు డబ్బా, బ్రష్షు ఉన్నాయి.

"మీరు గీతల పనోళ్ళు గదా, జర దిద్దుండ్రి. నాకైతే సక్కగ రాదు."

"నేను చెప్పింది విన్నవా అక్కా?"

"విన్న సార్. బాణం గూడ మరవకుండ్రి."

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, నేను గీయడం చూస్తూ నిలబడింది. నంబరు వంకర లేకుండా వచ్చింది. బాణం పూర్తిగా చెరిగిపోయింది, అది ఎటు తిరిగి ఉండాలో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. అటే వేశాను.