సలాలా తోటలో ఇరవై మూడు కుందేళ్లు

2008 మే నెల. అరబ్బు దేశపు సముద్రతీరం ఊరు సలాలాలో ఖరీఫ్ ఇంకా మొదలుకాలేదు. మన దగ్గర ఖరీఫ్ అంటే పంటకాలం. అక్కడ మాత్రం కొండల మీదికి పొగమంచు, ఊరి మీదికి సన్నటి తుంపర దిగే నెలలకు ఆ పేరు. ఆ తుంపర పడేలోగా పని పూర్తి చేయాలని ఒక తోట యజమాని మా కంపెనీకి ఫోన్ చేశాడు.

నేను అప్పటికి ఆరేళ్లుగా పెస్ట్ కంట్రోల్ పనిలో ఉన్నాను. గోదాముల్లో ఎలుకలు, ఇళ్లలో చెదలు, షెడ్లలో పావురాలు, ఇవీ మా రోజువారీ డ్యూటీలు. ఎయిర్ రైఫిల్ వాడే అనుమతి మా బ్రాంచిలో ఇద్దరికే ఉండేది. వాళ్లలో నేనొకణ్ని. ఆ సంగతి నలుగురికీ తెలిసేలా నడుచుకునేవాణ్ని కూడా.

ఎయిర్ రైఫిల్‌లో మందుగుండు ఉండదు. గట్టి స్ప్రింగ్ గాలిని నొక్కితే, ఆ ఊపుకి పెల్లెట్ అనే చిన్న సీసపు గుండు దూసుకుపోతుంది. ముప్పై మీటర్లలోపు తలకు తగిలితే కుందేలు అక్కడికక్కడే పోతుంది. దూరం పెరిగితే గాయంతో పారిపోయి ఎక్కడో నరకయాతన పడి చస్తుంది. పైగా తప్పిపోయిన పెల్లెట్ ఆగడానికి వెనక మట్టికట్ట ఉండాలి. దాన్ని బ్యాక్‌స్టాప్ అంటారు. దూరం కుదరకపోయినా, వెనక కట్ట లేకపోయినా నేను ట్రిగ్గర్ మీద వేలు పెట్టేవాణ్ని కాదు.

తోట యజమాని సాలిం అరవై దాటిన మనిషి. అందరూ అర్బాబ్, అంటే దొర, అని పిలిచేవారు. కొబ్బరి, అరటి, మూడెకరాల బొప్పాయి, పశువులకు లూసర్న్ గడ్డి. ఏడాది కిందట మనవళ్ల కోసం ఆరు పెంపుడు కుందేళ్లు తెచ్చాడు. గూడు తలుపు ఒకరోజు తెరిచి ఉండిపోయింది. అవి తోటలోకి పోయి, కొబ్బరిమట్టల కుప్పల కింద బొరియలు చేసుకుని పిల్లల మీద పిల్లల్ని పెట్టాయి. గడ్డి సగం మేసేశాయి. బొప్పాయి నారును కత్తిరించి పారేశాయి. మనిషెత్తు బొప్పాయి చెట్లు కూడా మొదలు దగ్గర కొరుకుడు పడి కూలిపోతున్నాయి.

"ఇదంతా ఇతని పని," అన్నాడు అర్బాబ్ హిందీలో, పక్కన నిలబడిన తోటమాలిని చూపిస్తూ. "కుందేళ్లు ఖల్లాస్ అయితే ఉంటాడు. ఇంకో చెట్టు పడితే టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపిస్తా."

తోటమాలి రాజయ్యది నిర్మల్ దగ్గరి పల్లె. నాది జగిత్యాల వైపు. నాకంటే పదేళ్లు పెద్దవాడు. అర్బాబ్ లోపలికి పోయాక నెమ్మదిగా చెప్పాడు.

"గూడు తలుపు మర్సింది నేనే తమ్మీ. అబద్ధమెందుకు. కని గంత పెద్ద చెట్లను కుందేళ్లు కూలగొడ్తయా? నాకైతే నమ్మకం లేదు."

"కుందేలు పళ్ల సంగతి నీకు తెల్వదన్నా," అన్నాను. "ఆకలైతే బెరడు చుట్టూ కొరుకుతది. చెట్టు ఆగుతదా మరి?"

అతను పార తీసుకుని పనిలోకి పోయాడు. కూలిన చెట్ల దగ్గరికి నేను పోలేదు.

మొదటిరోజు ఒక్క పెల్లెట్ కూడా పేల్చలేదు. బొరియలెన్ని, దారులేవి, ఏ వేళకు ఎటునుంచి బయటికొస్తున్నాయి, డ్రిప్ పైపులెక్కడున్నాయి అని కాగితం మీద గీసుకున్నాను. అర్బాబ్‌కి అది నచ్చలేదు. "బందూకు పట్టుకుని బొమ్మలు గీస్తున్నావేంటి?" అన్నాడు. రేపు చూడమన్నాను.

మర్నాటి నుంచి మూడురోజులు తెల్లారగానే ఒక గంట, సాయంత్రం ఎండ చల్లబడ్డాక ఒక గంట. గాలికి ఎదురుగా, కొబ్బరిచెట్టుకు ఆనుకుని కదలకుండా కూర్చునేవాణ్ని. కుందేలు గడ్డిలోకొచ్చి తల ఎత్తేదాకా ఆగేవాణ్ని. మొత్తం ఇరవై మూడు పడ్డాయి. ఒక్కటీ గాయంతో తప్పించుకోలేదు. పక్క తోటవాళ్లు మాంసం అడిగారు. అంతకుముందు ఎవరో ఎలుకల మందు చల్లి ఉన్నారు కాబట్టి ఇవ్వనన్నాను.

ఆఖరి రోజు చెవి మీద మచ్చ ఉన్న ఒక తెల్ల కుందేలు రాజయ్య గుడిసె ముందుకు వచ్చింది. మనిషిని చూసి బెదరని కుందేలు. రాజయ్య మొహం అటు తిప్పుకున్నాడు. పని అయ్యాక తనే దాన్ని ఎత్తి, మిగతావాటితో పాటు లోతుగా గుంట తీసి సున్నం చల్లి పాతిపెట్టాడు. చేతులు కడుక్కుంటూ, "దీనికి నేనే తినవెట్టేది," అన్నాడు.

కొత్త పెంటికలు లేవు, గడ్డి చిగురిస్తోంది. పని ముగిసిందని రిపోర్టు రాసిచ్చాను. వారం తిరక్కుండా అర్బాబ్ ఫోన్. రెండు పెద్ద బొప్పాయి చెట్లు పడ్డాయి.

నేను వెళ్లేసరికి రాజయ్య బట్టలు సర్దుకున్న సంచి పక్కన పెట్టుకుని గుడిసె అరుగు మీద కూర్చున్నాడు. అర్బాబ్ నా వైపు చూసి, "ఇరవై మూడు అన్నావు. ఇరవై నాలుగోది ఏది?" అన్నాడు. తోటంతా మళ్లీ వెతికాను. కుందేలు ఆనవాలే లేదు.

అర్బాబ్ ఇంట్లో వంటపని చేసే ఓబులమ్మ కడప మనిషి. వంటింటి వెనక గుమ్మం దగ్గర నాకు టీ ఇస్తూ కొంగుతో చెమట తుడుచుకుంది. ఆమె కొప్పులో నలుపు తెలుపు పట్టెల సన్నటి పుల్ల ఒకటి కనిపించింది.

"అదేందక్కా?"

"ఏదుపంది ముల్లు నాయనా. పాపిట తీసుకోను బాగుంటాది. ఆ బొప్పాయి చెట్లకాడ దొరికింది. మా అడవి పక్క ఊర్లల్లో శానా చూసినాం గదా."

"ఎప్పుడు దొరికింది?"

"చెట్లు పడబట్టిన కాడి నుంచి దొరుకుతానే ఉండాయి. ఇంకా రెండుండాయి లోపల. నన్నెవురు అడిగినారు?"

టీ అక్కడే పెట్టి కూలిన చెట్టు దగ్గరికి పరుగెత్తాను. మొదటిరోజే మోకాళ్ల మీద కూర్చుని చూడాల్సిన మొదలును అప్పుడు చూశాను. కుందేలు కొరికితే లేతకొమ్మ కత్తితో ఏటవాలుగా కోసినట్టుంటుంది. ఇక్కడ మాను లోపలిదాకా వెడల్పాటి పళ్లగాట్లు, ఉలితో చెక్కినట్టు. తోట పక్కనున్న వాగు వైపు కంచె కింద మట్టి తవ్విన సందు, కంచె తీగకు చిక్కిన ఇంకో ముల్లు. రాజయ్య చెప్పింది నిజం. నారు తిన్నది కుందేళ్లు, చెట్లు కూల్చింది ఏదుపంది.

అర్బాబ్‌ని తీసుకొచ్చి అన్నీ చూపించాను. నేను పొరపాటు పడ్డానని, తోటమాలి ముందే చెప్పాడని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు ముల్లును తిప్పి తిప్పి చూశాడు.

"సరే. దాన్నీ కొట్టు," అన్నాడు.

"కొట్టను అర్బాబ్. ఈ రైఫిల్‌కి అది చావదు, పెల్లెట్ ఒంట్లో పెట్టుకుని రోజుల తరబడి బాధపడుతుంది. పైగా అది అడవి జంతువు. నా అనుమతి కాగితం మీ పెంపుడు కుందేళ్లకే."

"అయితే వేరే కంపెనీని పిలుస్తా."

"పిలవండి. కానీ నాకు రెండు రోజులివ్వండి. రాజయ్యనూ ఇవ్వండి."

ఆయన ముల్లును జేబులో వేసుకుని లోపలికి పోయాడు. మేమిద్దరం వాగు వైపు కంచె పొడవునా మోకాలిలోతు కందకం తీసి గట్టి ఇనుప జాలీ పాతాం. పాత డ్రమ్ముల రేకు కత్తిరించి చెట్ల మొదళ్లకు చుట్టాం. రాజయ్య చేతిపని చూస్తే ముచ్చటేసింది. ఏ చెట్టుకు ఎంత వదులుంచాలో కొలవకుండానే చెప్పేవాడు.

ఖరీఫ్ తుంపర మొదలైన రెండోవారంలో మళ్లీ వెళ్లాను. ఒక్క చెట్టూ పడలేదు. కంచె అవతల మట్టి మీద ఏదుపంది అడుగులు జాలీదాకా వచ్చి వాగులోకి తిరిగిపోయాయి. అర్బాబ్ గొడుగు కింద నిలబడి రాజయ్యను పిలిచాడు.

"రాజా, టికెట్ ఖల్లాస్. తుమ్ ఇదర్ రహో."

ఇక్కడే ఉండమన్న ఆ మాటకు రాజయ్య తల ఊపి, రేకులు తెచ్చుకోవడానికి వెళ్లాడు. ఇంకో వరస మిగిలి ఉంది.

గురి విషయంలో నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఆ తోట తర్వాత నా పని మొదలుపెట్టే తీరు మారింది. క్లయింటు జంతువు పేరు చెప్పబోతే ఆపి, ముందు పాడైన చెట్టు చూపించమంటాను. దాని ముందు కూర్చుని చూస్తాను. ఆ తర్వాత అక్కడ నీళ్లు పెట్టేవాళ్లను, వంట చేసేవాళ్లను, ఊడ్చేవాళ్లను ఒక్కొక్కరినీ అడుగుతాను. రైఫిల్ అప్పటిదాకా బండిలోనే ఉంటుంది. చాలాసార్లు దాన్ని బయటికి తీయాల్సిన పనే పడలేదు.