పెళ్ళి డేగిసాలో మైలుతుత్తం

మా ఊళ్ళో ఇప్పుడు నేను గుమ్మంలోకి వస్తే చాలు, ఆడవాళ్ళు గిన్నెలు లోపల పెట్టేసుకుంటున్నారు. నిజమండీ బాబూ! ఎందుకో చెప్తాను. నవ్వండి గానీ, మరీ గట్టిగా నవ్వకండి.

కాఫీ తోటల తెగుళ్ళ మీద పాడేరులో ట్రైనింగ్ పెట్టారు. ఊరికి ఒక్కణ్ణే రమ్మన్నారు. "నోరున్నోడు, ఈడెల్తే నేర్సుకొచ్చి మనకి సెప్తాడు" అని మావాళ్ళు నన్ను జీపెక్కించారు. అక్కడ నేర్పింది, నీలంగా ఉండే మైలుతుత్తం ఒకదాంట్లో, సున్నం ఒకదాంట్లో కరిగించి, రెండూ కలిపి ఆకుల మీద కొట్టే మందు. కాఫీ సారు అంతా విడమరిచి చెప్పారు. నేనేమో పక్కాయనకి మా మిరియాల తీగ ఎంత ఎత్తు పాకిందో చెప్తున్నాను. మధ్యలో ఒక్క ముక్క చెవిన పడింది: "పాత్ర చాలా ముఖ్యం!"

ముఖ్యమైన పాత్ర అంటే మా ఊళ్ళో ఒక్కటే. ఊరంతా కలిసి కొనుక్కున్న సత్తు డేగిసా. ఎవరింట్లో పెళ్ళయినా అన్నం అందులోనే. తోమీ తోమీ పల్చబడిపోయింది పాపం. మేనకోడలి పెళ్ళి ఆ వారంలోనే కాబట్టి, అది మా అక్క ఇంట్లో ఉంది.

"అన్నం వొండేదాన్లో మందేటిరా?" అంది అక్క.

"నీలం నీళ్ళే అక్కా! రేపు సాయంత్రానికి తోమేసి నీ గుమ్మంలో ఎట్టేత్తాను."

"పెళ్ళి నెత్తి మీదుంది తమ్ముడూ. తేడా రాకూడదు."

"ట్రైనింగ్ అయినోణ్ణి, నాకు సెప్తావేటి!"

ఆ రాత్రే డేగిసాలో తుత్తం నానబోశాను. పొద్దున్న చూస్తే అడుగున ఎర్రగా ఏదో పేరుకుంది. ఆహా, మందు పని మొదలెట్టేసింది అనుకున్నాను!

మందు కలపడం చూడ్డానికి ఊరంతా మా వాకిట్లోకి వచ్చింది. సారు కూడా వస్తున్నారని కబురు. ఇంక చూడండి నా ఉపన్యాసం! వీపు డేగిసా వైపు, మొహం జనం వైపు. అందరూ తలలు దించుకుని వింటున్నారు! జన్మలో నాకంత మర్యాద దక్కలేదు. పొంగిపోయి ఇంకాస్త సాగదీశాను.

"ఓరి, నోరు మూసి కిందకి సూడరా!" అక్క కేక.

చూశాను. నా కాళ్ళ మధ్య నుంచి నీలం కాలవ! పాపం, వాళ్ళంతా దాన్నే చూస్తున్నారు. డేగిసా ఎత్తితే అడుగు జల్లెడ.

సరిగ్గా అప్పుడే సారు దిగారు. డేగిసా ఎండకి ఎత్తి పట్టుకున్నారు. చిల్లుల్లోంచి ఎండ నా మొహం మీద చుక్కలు చుక్కలుగా పడింది. "మట్టి కుండో, ప్లాస్టిక్ బకెట్టో వాడమన్నాను కదయ్యా! తుత్తం ఇనుమునీ సత్తునీ తినేస్తుందన్నాను!" నేను మెల్లిగా జనం వెనక్కి జరిగాను. "ఇంక ఇందులో వండకండమ్మా, విషం" అన్నారు అక్కతో.

అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అరుగు మీద కూలబడి, "పెళ్ళోరికి దేన్లో వొండేదిరా?" అంది. అంతే.

ఇల్లిల్లూ తిరిగి కుండలు అడుక్కొచ్చాను. ఒక్కో కుండ ఒక్కో పొయ్యి మీద. ఒకటి జావ, ఒకటి పలుకు, ఒకటి మాడు. ఎవరి కడుపూ మాడలేదు గానీ, మగపెళ్ళివారి పెద్దాయన విస్తరి చూసుకుని, "ఏటి బావా, మీ ఊల్లో పెళ్ళికి ఇన్ని రకాల అన్నాలా?" అన్నాడు. వడ్డించేది నేనే. తల ఎత్తితే ఒట్టు!

పెళ్ళయ్యాక సారు మళ్ళీ వచ్చారు. ట్రైనింగుల్లో చూపించడానికి ఆ చిల్లుల డేగిసా కావాలట. అక్క తెచ్చి ఇచ్చి, నా వైపు ఓ చూపు చూసింది.

"ఇదొక్కటే ఏటి బాబూ, ఈడ్ని కూడా అట్టుకుపోండి. రెండూ మాకింక పనికిరావు."

సారు నిజంగానే పట్టుకుపోతున్నారండీ! ఇప్పుడు ఏ ఊళ్ళో ట్రైనింగ్ పెట్టినా జీపులో డేగిసా, దాని పక్కన నేను. నా పనల్లా దాన్ని ఎండకి ఎత్తి పట్టుకోవడమే. పాఠం చిల్లులే చెప్పుకుంటాయి, నన్ను మాత్రం నోరు తెరవొద్దన్నారు.