గాలిమరల గేటు వీరప్ప

వీరప్పది గుత్తి దగ్గర పల్లె. పోలీసు సెలక్షన్లకు పోయి పరుగులో నెగ్గాడు, ఛాతీ కొలతలో తప్పాడు. ఆ తర్వాత ఓ సెక్యూరిటీ ఏజెన్సీ అతనికి నీలం చొక్కా, ఈల, చేతికర్ర ఇచ్చి ముదిగుబ్బ పక్కన మా ఊరి గుట్ట మీది గాలిమరలకు కాపలా పెట్టింది.

మా ఊళ్లో స్టేషనంటే హడల్. పోలీసులు పట్టుకుపోతే తప్ప ఎవరూ ఆ గడప తొక్కరు. నీలం చొక్కా ఎవరినీ భయపెట్టదు కదా, అందుకని తగవులన్నీ వీరప్ప దగ్గరికే. తాను పోలీసును కాదని అతను మొత్తుకున్నా వినేవాళ్లెవరు?

రెండువేల మూడు కరువులో మా అమ్మ తిమ్మక్క గొర్రెల మందలో సగం దొంగలు తోలుకుపోయారు. చేను బీడు పడిన మాకు ఆ గొర్రెలే ఆధారం. అమ్మ ఏడుస్తూ గేటు దగ్గరికే పోయింది. వెనకాలే నేను.

"వీరప్పా, నా గొర్రెల్ని పట్టియ్యప్పా."

"నాకు యాడిది అధికారం తిమ్మక్కా? ఈ కంచె దాటితే నేనూ నీలాంటోన్నే. స్టేషన్‌కు పో."

"నాకు భయమైతాండాది. నువ్వు తోడు రా."

గేటు వదిలితే కొలువు పోతుందని అతనికి తెలుసు. అయినా గేటుకు తాళం వేసి మా వెంట నడిచాడు.

హెడ్ కానిస్టేబుల్ వెంకటేశులు అతన్ని ఎగాదిగా చూసి నవ్వాడు. "ఏమప్పా కంపెనీ పోలీసూ, కేసు నువ్వే చూడకపోతివా?"

"నేను ఈల ఊదితే కుక్క గూడా నిలబడదు సార్. మీరు చెయ్యెత్తితే లారీ నిలబడతాది" అన్నాడు వీరప్ప.

హెడ్డు నవ్వు ఆపి ఫిర్యాదు రాసుకున్నాడు. సంత రోజు దొంగలు గొర్రెల్ని అమ్మకానికి తీసుకుపోతున్న లారీని నిజంగానే ఆపాడు. చెవికి పెట్టిన గాటును బట్టి అమ్మ మా గొర్రెల్ని పోల్చుకుంది. ఒకటీ అరా తప్ప అన్నీ ఇల్లు చేరాయి. ఆ హెడ్డును తలచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

వీరప్పను మాత్రం ఏజెన్సీ పనిలోంచి తీసేసింది. నాకు ఒళ్లు మండింది. అంతెత్తు గాలిమరను ఒక్క పూటలో ఎవడు భుజాన వేసుకుపోతాడు? అతను ఎవరికీ చెప్పుకోకుండా పెట్టె సర్దుకుంటున్నాడని తెలిసి, అమ్మ ఊళ్లోని ఆడవాళ్లను కూడగట్టుకుని స్టేషన్‌కు నడిచింది.

అంతమందిని చూసి హెడ్డు కంగారుపడ్డాడు. "మళ్లీ ఏం పోయిందమ్మా?"

"గొర్రెలు కాదు సార్. మాకు తోడొచ్చినోని పని పోయింది" అంది అమ్మ. "ఈసారి తోడొచ్చేటోడు లేడు. మేమే వచ్చినాము."

హెడ్డు లేచి టోపీ పెట్టుకుని, మమ్మల్నందరినీ తోడు తీసుకుని నేరుగా ఏజెన్సీ ఆఫీసుకు పోయాడు. అక్కడ మేనేజరు ముందు నిలబడి, "ఆ మనిషి గేటు దాటకపోయింటే, వీళ్లు నా గడప తొక్కేవాళ్లే కాదు" అని చెప్పాడు.