కప్ప కారులో మూడో మనిషి

దెయ్యాలు, గాలి సోకడాలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. ముప్పై ఏళ్లు చిత్తూరులో మెకానిక్ షెడ్డు నడిపాను. బండిలో శబ్దం వచ్చిందంటే దానికో కారణం ఉంటుంది. ఏదో నట్టు వదులై ఉంటుంది, ఏదో బుష్ అరిగి ఉంటుంది. వెతికితే దొరుకుతుంది. దొరకలేదంటే వెతికేవాడికి పని రాదని అర్థం. ఈ అభిప్రాయం నేనిప్పటికీ మార్చుకోలేదు. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

అది డెబ్బైల చివరి మాట. మా పెద్దమ్మాయి వసంతకు అప్పుడు పదేళ్లు. అంతకు రెండేళ్ల ముందు కీళ్ల జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిందనే అనుకున్నాం. తర్వాత బడికి నడిచి వెళ్తే ఆయాసం మొదలైంది. సాయంత్రానికి పాదాలు ఉబ్బేవి. చిత్తూరు డాక్టరు చూసి, మద్రాసులో పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిచ్చాడు.

బస్సులో ఆ జనంలో పిల్లకు ఊపిరాడదు. అందుకని నా కారులోనే తీసుకెళ్లాను. నా కారు అంటే ఒక పాత విదేశీ స్పోర్ట్స్ కారు. మామిడితోటల ఆసామి ఒకాయన కుర్రతనంలో సరదాపడి తెప్పించుకున్నది. ఆయన పోయాక కొడుకులు "ఇనుప సామానుకి ఏసుకోపో అప్పా" అని నాకిచ్చేశారు. రెండేళ్లు కూర్చుని బాగుచేశాను. ఆకుపచ్చగా, నేలకు అంటుకున్నట్టు ఉండేది. వీధిలో అందరూ దాన్ని కప్ప కారు అనేవాళ్లు. పైకప్పు గుడ్డది. వెనక సీటు లేదు. ముందు రెండే సీట్లు, వాటి వెనక ఒక పెట్టె పట్టేంత చోటు, అంతే. ఈ కథకు ఆ రెండు సీట్లే ముఖ్యం.

వసంతకు ఆ కారంటే ప్రాణం. ఆసుపత్రికి పోతున్నామన్న బెంగ లేకుండా, పెళ్లికి పోతున్నట్టు రిబ్బన్లు కట్టుకుని ఎక్కింది.

మద్రాసులో నాలుగు రోజులు పరీక్షలు చేశారు. ఐదో రోజు డాక్టరు నన్నొక్కడినే పిలిచాడు. ఆ కీళ్ల జ్వరం వల్ల గుండెలో వాల్వులు పాడైపోయాయని చెప్పాడు. వాల్వు అనగానే నేను కుర్చీలో ముందుకు జరిగాను. వాల్వులు నాకు తెలియని సరుకా? వందల ఇంజన్లకు నా చేత్తో గ్రైండింగ్ చేశాను. "మారిస్తే సరిపోదా సార్?" అని అడిగాను. ఆయన నవ్వలేదు. గుండె బాగా ఉబ్బిపోయింది, ఈ ఒంటికి ఆపరేషన్ తట్టుకునే శక్తి లేదు, ఇంటికి తీసుకెళ్లండి, ఏం అడిగితే అది పెట్టండి అన్నాడు. ఆ చివరి మాటకు అర్థం మన ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

బయటికొచ్చి వసంతతో, మందులు రాసిచ్చారు, మామిడిపళ్ల కాలానికి నువ్వు పరిగెత్తుతావు అని చెప్పాను. అది నా మొహం కాసేపు చూసి, "అట్నే నాయనా" అంది.

మర్నాడు తెల్లవారగానే బయల్దేరాం. మద్రాసు నుంచి చిత్తూరుకు తిన్నగా వస్తే మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉండొచ్చు. కానీ ఇంట్లో నా భార్య రాజమ్మ గడపలో కూర్చుని ఉంటుంది. ఆమెకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు. అందుకని దారి పొడిగించాను. "గూడూరు పోయి మీ అమ్మకు ఊరగాయకి నిమ్మకాయలు కొందాం" అన్నాను వసంతతో. నిమ్మకాయల కోసం ఎవడైనా అంత దూరం పోతాడా? పిల్ల మాత్రం సరేనంది.

గూడూరులో ఒక బస్తా నిమ్మకాయలు కొని సీటు వెనక పెట్టాను. పదకొండు గంటలకు అక్కడే భోజనం హోటలుకు వెళ్లాం. సర్వర్ మూడు ఆకులు వేశాడు. ఇద్దరమే అన్నాను.

"ఆయమ్మ తినదా సామీ?" అన్నాడు.

"ఏ ఆయమ్మ?"

"కార్లో పాప పక్కన ఇరుక్కోని కూచోనుండిందే, పెద్దామె."

ఎవర్నో చూసి ఎవరో అనుకున్నాడులే అని మూడో ఆకు తీయించాను. వసంత ఆ ఆకు వంకే చూస్తూ కూర్చుంది. రోజూ రెండు ముద్దలకు మించి తినని పిల్ల ఆరోజు పెరుగన్నం దాకా తిన్నది. నాకు సంతోషం వేసింది, వెంటనే డాక్టరు మాట గుర్తొచ్చింది.

వెంకటగిరి మీదుగా కాళహస్తి రోడ్డు పట్టాను. గుంతలు వచ్చినప్పుడల్లా ఎడమవైపు వెనక నుంచి రబ్బరు రాసుకుంటున్న చప్పుడు. కాసేపటికి మాడు వాసన. దిగి చూస్తే వెనక ఎడమ టైరు మడ్‌గార్డుకు తగులుతోంది. బరువు ఎక్కువైతే అలా తగులుతుంది. కానీ ఆ వైపు కూర్చున్నది పాతిక కిలోలు లేని పిల్ల. నిమ్మకాయల బస్తా పెట్టింది కుడివైపు. స్ప్రింగు పట్టీలు ప్రయాణానికి వారం ముందే కొత్తవి వేశాను. కింద పడుకుని చూశాను. ఒక్క పట్టీ విరగలేదు. కానీ అణిగి ఉన్నాయి, ఒక పెద్ద మనిషి కూర్చుంటే అణిగినట్టు.

లేచి వచ్చేసరికి వసంత తలుపు వైపుకు బాగా జరిగి, అర సీట్లో కూర్చుని ఉంది. ఎండ తగులుతోందా అని అడిగాను. "లేదులే నాయనా, చాల్తుంది" అంది. ఏం చాలుతుందో నేను అడగలేదు.

ఇంకొకటి కూడా రాయాలి. కాళహస్తి దాటాక అది నిద్రపోయింది. మూడు నెలలుగా అది పడుకుంటే ఊపిరి గురగురలాడేది, దిండ్లు వెనక పెట్టి కూర్చోబెడితే తప్ప నిద్ర పట్టేది కాదు. ఆరోజు తల పక్కకు వాల్చి, ఎవరి భుజం మీదో పెట్టుకున్నట్టు పెట్టుకుని, చప్పుడు లేకుండా గంటసేపు నిద్రపోయింది. ఆ తల కింద ఏమీ లేదు. కారు కుదుపులకు అది పక్కకు పడిపోవాలి. పడలేదు.

రేణిగుంట దగ్గర ఒక పోలీసు చెయ్యెత్తి ఆపాడు. దూరం నుంచే అరుస్తూ వచ్చాడు. "ఏమప్పా, రెండు సీట్ల బండిలో ముగ్గుర్ని ఎక్కించుకోని వస్తా ఉండావే?" దగ్గరికొచ్చి లోపలికి చూశాడు. నన్ను చూశాడు, పిల్లను చూశాడు, సీటు వెనకాల చూశాడు. "పో పో" అని మాత్రం అన్నాడు. అద్దంలో చూస్తే, మేము మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఉన్నాడు.

అప్పటికి నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది, అది నా బుద్ధి. తిరుపతిలో కాఫీ కూడా తాగకుండా బండిని తోలాను. కొండ కనిపిస్తే వసంత దండం పెట్టింది. నేను పెట్టలేదు. ఆరోజు ఏ దేవుడి మొహమూ చూసే స్థితిలో లేను.

చంద్రగిరి దాటి దామలచెరువు వైపు వస్తుంటే, రోడ్డు పక్కన బండలగుట్ట ఒకటి వస్తుంది. సాయంత్రం నాలుగున్నర అయి ఉంటుంది, ఎండ బాగానే ఉంది. అక్కడ వసంత ఆపమంది. ఒంటికేమో అనుకుని ఆపాను. దిగి, రెండడుగులు నడిచి, వంగి, కోడిగుడ్డంత రాయి ఒకటి ఏరుకుంది. ఆ కాస్తకే ఆయాసపడుతూ వచ్చి రాయిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"రాయి ఎందుకమ్మా?"

"ముగ్గురు పోగూడదంట గదా నాయనా. రాయి పెట్టుకుంటే నలుగురవతాం. అవ్వ చెప్పింది."

మా వైపు ఆ పట్టింపు ఉంది. ముగ్గురు కలిసి ఏ పనికీ బయల్దేరరు. తప్పనప్పుడు ఒక రాయిని జేబులో వేసుకుంటారు, అది నాలుగో మనిషి కింద లెక్క. మా అమ్మ కూడా చేసేది. నేను ఎగతాళి చేసేవాణ్ణి.

కానీ అప్పుడు ఎగతాళి రాలేదు. పొద్దుటి నుంచి మింగుతున్నదంతా ఒక్కసారి పైకొచ్చింది. దాని చేతిలోంచి రాయి లాక్కుని గుట్ట మీదికి విసిరేశాను. ఎడమ తలుపు తెరిచి, పిల్ల పక్కనున్న ఖాళీలోకి అరిచాను.

"ఇద్దరమే! మేమిద్దరమే ఉండేది! మూడో మనిషెవురూ లేరు! ఎవురైనా ఉంటే దిగండి!"

నా జీవితంలో నా బిడ్డ మీద అరిచింది అదొక్కసారే. దాని మీద కాదు అరిచింది, కానీ అరిచింది దాని మొహం ముందే.

వసంత ఏడవలేదు. తలుపు వేసి బండి ముందుకు తీశాను. అది వెనక్కి తిరిగి, సీటు మీద మోకాళ్లు పెట్టుకుని, గుట్ట కనిపించినంత సేపూ చూస్తూనే ఉంది. "పాపం, ఆడే నిలబడుండాది" అంది. కాసేపటికి ముందుకు తిరిగి సీటు మధ్యలోకి జరిగి కూర్చుంది. నేను చూపు రోడ్డు మీంచి తిప్పలేదు.

అక్కడి నుంచి చిత్తూరు దాకా రోడ్డు మరీ అధ్వానం. ఎన్ని గుంతల్లో పడ్డా టైరు ఒక్కసారి కూడా తగల్లేదు. కాణిపాకం మలుపు దగ్గర దిగి చూశాను. స్ప్రింగు మామూలుగా ఉంది. టైరు మీద మాత్రం రాసుకున్న గీత చేతికి తెలిసేంత లోతుగా ఉంది. దానికి కారణం నాకు ఇవాళ్టికీ దొరకలేదు. నాకు పని రాదనే అనుకోండి.

ఆ మలుపు నుంచే వసంతకు మళ్లీ ఆయాసం మొదలైంది. ఇల్లు చేరేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. రాజమ్మ గడపలోంచి లేచి వచ్చి "ఏం చెప్పినారు?" అని నన్ను అడిగింది. నేను నిమ్మకాయల బస్తా దించుతూ ఉండిపోయాను. ఆమెకు అర్థమైంది.

తర్వాత పదకొండు రోజులు ఉంది మా వసంత. మద్రాసులో అన్ని సూదులు గుచ్చినా భయపడని పిల్ల. దారంతా తలుపుకి ఆనుకుని హాయిగా కూర్చున్న పిల్ల. ఆ పదకొండు రోజులూ మాత్రం భయపడింది. ఒక్క నిమిషం ఒంటరిగా ఉండేది కాదు. మేము పక్కనే చెయ్యి పట్టుకుని ఉన్నా, గదిలో ఎవరూ లేనట్టు చుట్టూ వెతుక్కునేది. పదో రోజు మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచింది.

"నేనొగదాన్నే పోవల్లా నాయనా?"

"యాడికీ పోవద్దులే తల్లీ" అన్నాను. మళ్లీ అబద్ధమే. అది మొహం గోడ వైపు తిప్పుకుంది.

కర్మలన్నీ అయ్యాక రాజమ్మకు దారిలో జరిగిందంతా చెప్పాను. నమ్మదేమో అనుకున్నాను. ఆమె నిజమా అబద్ధమా అన్న మాటే ఎత్తలేదు. "నువ్వెందుకు దించేసినావు?" అని అడిగింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఒక్కసారి అడిగిందే నాకు సరిపోయింది.

వచ్చింది ఎవరో నాకు తెలియదు. అప్పటికి మా అమ్మ బతికే ఉంది, రాజమ్మ వాళ్లమ్మా బతికే ఉంది. మా ఇళ్లలో ఆ వయసులో పోయిన ఆడవాళ్లు ఎవరూ లేరు. పిల్లను తీసుకుపోవడానికి వచ్చిందని కొందరంటారు. అలాగైతే నేను దించేశాక పిల్ల నాకు దక్కాలి కదా. తోడుగా వచ్చిందని కొందరంటారు. అలాగైతే నేను చేసిన పనికి పేరేమిటి? ఆ హోటలు మనిషి, ఆ పోలీసు, ఇద్దరూ పొరబడ్డారనుకుందాం. టైరు పొరబడదు.

వసంతకు తెలుసు అది ఎవరో. గూడూరు నుంచి చంద్రగిరి దాకా నా పక్కనే కూర్చుని ఉంది. ఎవరమ్మా అని ఒక్క మాట అడిగితే చెప్పేది. అడిగితే, ముగ్గురం ఉన్నామని నేను ఒప్పుకున్నట్టవుతుందని అడగలేదు.

ఏడాది పాటు, షెడ్డు మూసేసిన ప్రతి ఆదివారం ఆ గుట్ట దగ్గరికి కారు తీసుకెళ్లాను. ఎడమ తలుపు తెరిచి పెట్టేవాణ్ణి. ఏమని పిలవాలో తెలిసేది కాదు. పేరు తెలియదు, వరస తెలియదు. "అమ్మా, ఎక్కండి" అనేవాణ్ణి, రోడ్డు మీద ఎవరూ లేనప్పుడు. "పిల్ల ఒక్కతే పోయింది, కాస్త చూడండి" అనేవాణ్ణి. చీకటి పడేదాకా ఉండి, తలుపు వేసి బయల్దేరేవాణ్ణి. దారిలో మొదటి గుంతలో దిగేటప్పుడు వెనక టైరు తగులుతుందేమోనని చెవి పెట్టి వినేవాణ్ణి. ఒక్కసారీ తగల్లేదు.