పితికిపప్పులో పురుగు

పెళ్లయి ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి కాపురానికి వచ్చిన మొదటి చలికాలం అది. మామగారికి తెలిసిన పెద్దకడుబూరు రైతు ఒకాయన గంపెడు అనపకాయలు పంపాడు. గింజలు నానబెట్టి, తోలు పితికి, కొబ్బరి, గసాలు నూరిపోసి అత్తగారు పితికిపప్పు చేసింది. ఆ వాసనకే నోరూరింది.

వేడి జొన్నరొట్టె తుంచి అద్దుకోబోతే, నా పళ్లెంలో గింజల మధ్య పచ్చటి పురుగొకటి ఉడికి, ఉబ్బి, మెత్తగా తేలింది. పళ్లెం పక్కకు నెట్టేశాను.

"ఇంత నాజూకైతే ఎట్లమ్మా? గింజలో పుట్టింది, గింజే తిన్నది. తీసి పారేసి తిను," అంది అత్తగారు నములుతూనే.

"నాతో కాదత్తా."

ఆమె నవ్వుతూ ఇంకో ముక్క తుంచబోయి ఆగిపోయింది. ఆమె చేతిలోని రొట్టె మీద సగం పురుగే ఉంది. మిగతా సగం కోసం పళ్లెమంతా కెలికింది. దొరకలేదు. నమలడం ఆపి నా వైపు చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లో గేదెను కట్టేసిన వైపు పరుగెత్తింది.

చెంబుతో నీళ్లు పట్టుకుని వెనకాలే వెళ్లాను. ఆమె పుక్కిలించి ఉమ్ముతూ, "ఆ పప్పంతా ఎనుము కుడితిలో పొయ్యి! ఈ సలికాలం ఇంగ దాని పేరెత్తద్దు," అంది.

మిగిలిన కాయలు ఎదురింటికి ఇచ్చేశాం. మర్నాడు వాళ్లు ప్రేమగా గిన్నెడు పితికిపప్పు పంపారు. మూత తీసే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.